తెల్ల అంగీ వెనక ఎన్ని మెట్లో!

మన ఇంట్లో పిల్లాడు ఇంజనీరింగులో చేరితే నాలుగేళ్ళని అందరికీ తెలుసు. డాక్టరు చదువుకు ఎన్నేళ్ళో, బి.ఇడి.కి ఎన్నేళ్ళో పక్కింటివాళ్ళు కూడా వేళ్ళమీద లెక్క చెప్పేస్తారు. కానీ కథోలిక సంఘంలో ఒక కుర్రాడు ఫాదర్ కావాలంటే ఎన్నేళ్ళు పడుతుంది, మధ్యలో ఏమేం దాటాలి అన్నది మాత్రం మనలో చాలామందికి తెలియదు. ప్రతి ఆదివారం గుడికి వెళ్ళే మాబోటివాళ్ళకే సరిగ్గా తెలియదంటే, మిగతావాళ్ళ సంగతి వేరే చెప్పాలా!

మా అక్క కొడుకు పదో తరగతి పాసైన ఏడాదే సెమినరీలో చేరాడు. ఇది పన్నెండో ఏడు. ఆ మధ్య మా ఎదురింటి వదినగారు ఉండబట్టలేక అడగనే అడిగారు. "ఏంటి వదినా, మీ అక్కగారబ్బాయి ఇంకా ఫాదర్ కాలేదా? ఏమైనా సబ్జెక్టులు మిగిలిపోయాయా?" అని. నాకు నవ్వొచ్చింది. ఆవిడను కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, మొత్తం వివరంగా చెప్పాను. అంతా విని ఆవిడ, "ఇందులో ఇంత ఉందా! మాకెవరికీ తెలీదు, పత్రికకు రాయండి" అన్నారు. అందుకే మీతో ఈ నాలుగు మాటలు.

ముందుగా ఒక సంగతి. 'పూజారిగారి అబ్బాయి పూజారి అయినట్టు ఇదీ వంశంలో వస్తుందా?' అని చాలామంది అడుగుతారు. రాదండీ. ఫాదర్లకు పెళ్ళి లేదు, పిల్లలు లేరు. కాబట్టి ప్రతి ఫాదరూ ఎవరో ఒక మామూలు ఇంటి నుంచి రావలసిందే. హైదరాబాదు అగ్రపీఠాధిపతి పూల ఆంథోనీగారి సంగతే చూడండి. కర్నూలు జిల్లాలోని ఒక పేద దళిత కుటుంబం నుంచి వచ్చారు. 1961లో పుట్టారు, 1992 ఫిబ్రవరిలో గురువయ్యారు. అంటే అప్పటికి ముప్ఫై ఏళ్ళు. 2022 ఆగస్టు 27న రోములో ఆయనను కార్డినల్ చేశారు. తెలుగువాళ్ళలో ఆ పదవి అందుకున్న మొదటివారు ఆయనే. ఆ ఇంట్లోనూ ఒక తల్లి కొడుకును పంపించి ఉంటుంది కదా!

మొదటి మెట్టు కన్నా ముందు

చేరగానే మెట్లు మొదలవవు. మా వాడు మొదట రెండేళ్ళు చిన్న సెమినరీలో ఉండి ఇంటర్ చదివాడు. దుప్పట్లు, కంచం, గ్లాసు, బకెట్టు సర్దుకుని హాస్టలుకు వెళ్ళినట్టే వెళ్ళాడు. తరువాత ఒక ఏడాది పూర్తిగా ప్రార్థనకూ, తనను తాను తెలుసుకోవడానికీ. ఆ తరువాత మూడేళ్ళు తత్వశాస్త్రం, దాంతోపాటే డిగ్రీ. ఆపైన ఒక ఏడాది చదువు ఆపించి ఒక ఊరి విచారణలో పనికి పంపారు. విచారణ అంటే ఒక ఫాదరుగారి కింద ఉండే ఊళ్ళన్నమాట. అది అయ్యాక నాలుగేళ్ళు వేదాంతం. మన తెలుగు మేత్రాసనాల కుర్రాళ్ళు చాలామంది ఈ చదువుకు హైదరాబాదు రామంతపూర్‌లోని సెయింట్ జాన్స్ సెమినరీకి వెళతారు.

ఇది మా వాడి లెక్క. ఒక్కో మేత్రాసనంలో, ఒక్కో సభలో ఒక ఏడాది అటూ ఇటూ ఉంటుంది. కానీ తత్వశాస్త్రం, వేదాంతం రెండూ కలిపి ఆరేళ్ళకు తగ్గకూడదని సంఘ చట్టం. ఎంత తెలివైనవాడైనా ఇరవై మూడేళ్ళు నిండకుండా డీకన్ కాలేడు, ఇరవై ఐదేళ్ళు నిండకుండా ఫాదర్ కాలేడు.

మరి ఇంత ఆలస్యం ఎందుకు? పుస్తకాల కోసమే అయితే ఇంత అక్కర్లేదు. ఆ కుర్రాడు నిజంగా కోరుకుంటున్నాడా, లేక ఇంట్లోవాళ్ళ కోరికను మోస్తున్నాడా అన్నది తేలడానికే ఎక్కువ కాలం పడుతుంది. నాకు ఇన్నేళ్ళలో అర్థమైంది ఇదే. ఈ మెట్లు ఉద్యోగంలో ప్రమోషన్లలాంటివి కావు. ప్రతి మెట్టు దగ్గరా వాణ్ణి ఆపి, 'నీకిది ఇష్టమేనా?' అని మళ్ళీ అడుగుతారు.

పాతకాలం మెట్లు వేరు

మా అమ్మమ్మ కాలంలో ఈ మెట్లు ఇంకా ఎక్కువ ఉండేవి. మొదట తలమీద కొద్దిగా జుట్టు కత్తిరించేవారు. తరువాత నాలుగు చిన్న పట్టాలు. ద్వారపాలకుడు, పఠకుడు, దయ్యాలను వెళ్ళగొట్టేవాడు, దీపం పట్టేవాడు. ద్వారపాలకుడి పట్టం ఇచ్చేటప్పుడు గుడి తాళంచెవులు తాకించి, గంట కొట్టించేవారు. ఆ తరువాత ఉప డీకన్, డీకన్, చివరకు గురువు.

1972 ఆగస్టు 15న ఆరవ పౌలు పోపుగారు ఈ వరస మార్చారు. జుట్టు కత్తిరించడం, ద్వారపాలకుడు, దయ్యాలను వెళ్ళగొట్టేవాడు, ఉప డీకన్ ఇవన్నీ తీసేశారు. రెండే ఉంచారు. ఒకటి వాక్యం చదివే లెక్టర్, రెండోది బలిపీఠం దగ్గర పరిచర్య చేసే ఎకొలైట్. వాటిని పట్టాలు అనడం కూడా మానేసి పరిచర్యలు అన్నారు. 1973 జనవరి 1 నుంచి ఇదే అమలు.

సొంత చేతిరాతతో

లెక్టర్ కాకముందే ఒక చిన్న ముచ్చట ఉంటుంది. 'నేను గురువు కావాలనుకుంటున్నాను' అని కుర్రాడు అందరిముందూ చెప్పాలి, బిషప్‌గారు ఆ కోరికను అంగీకరించాలి. దానికి ముందు ఒక అర్జీ పెట్టుకోవాలి. ఆ అర్జీ టైపు చేయించడానికి లేదు. ఇంకొకరు రాసిపెట్టడానికి లేదు. తన సొంత చేతిరాతతో రాసి, కింద సంతకం పెట్టాలి.

మా బావగారికి ఇది తెలిసి ఆశ్చర్యపోయారు. "పెళ్ళి శుభలేఖ కూడా ప్రెస్సులో కొట్టిస్తాం, దీనికి చేతిరాతేంటి?" అన్నారు. ఆలోచిస్తే అందులో ఎంతో అర్థం ఉంది. అచ్చుకాగితం కింద సంతకం పెట్టడం తేలిక. ఒక్కో అక్షరం తన చేత్తో రాస్తుంటే తను ఏం అడుగుతున్నాడో వాడికి తెలియకుండా పోదు.

చదివేవాడు

వేదాంతం మొదటి ఏడాదిలో మా వాడు లెక్టర్ అయ్యాడు. బిషప్‌గారు చేతికి బైబిలు అందిస్తారు. పూజలో సువిశేషం తప్ప మిగతా పఠనాలు చదవడం, చదవబోయే ఇతరులకు నేర్పడం, పిల్లలకు జ్ఞానోపదేశం చెప్పడం ఈ పరిచర్య.

'చదవడానికి కూడా పరిచర్య కావాలా? అక్షరం వచ్చినవాళ్ళందరూ చదవలేరా?' అనిపిస్తుంది. మా అమ్మ సంగతి చెబుతాను వినండి. ఆవిడకు చూపు పోయి చాలా ఏళ్ళయింది. మా వాడు సెలవులకు వచ్చినప్పుడల్లా పొద్దున్నే ఆ రోజు పఠనాలు అమ్మమ్మకు చదివి వినిపించాలి. చిన్నప్పటి నుంచీ వాడికి మాట చివర మింగేసే అలవాటు. అమ్మ ఊరుకునేది కాదు. "ఒరే, మెల్లగా చదవరా. దేవుడికేం బస్సు తప్పిపోవడం లేదు" అనేది. కళ్ళు లేని మనిషికి నువ్వు మింగేసిన మాట ఎప్పటికీ దొరకదు కదా! వాడికి ఆ సంగతి సెమినరీలో కంటే మా వంటింటి గుమ్మం దగ్గరే బాగా తెలిసిందని నేననుకుంటాను.

వడ్డించేవాడు

రెండో పరిచర్య ఎకొలైట్. మా వాడికి ఇది వేదాంతం రెండో ఏట ఇచ్చారు. ఈసారి బిషప్‌గారు చేతికిచ్చేది అప్పం ఉన్న పళ్ళెం, లేదా ద్రాక్షరసం ఉన్న పాత్ర. బలిపీఠం సిద్ధం చేయడం, గురువుకూ డీకనుకూ సాయం చేయడం, అవసరమైనప్పుడు దివ్యసత్ప్రసాదం పంచడం, మంచాన పడ్డ రోగుల ఇళ్ళకు దాన్ని తీసుకెళ్ళడం, పూజ అయ్యాక పాత్రలు శుద్ధి చేసి తుడవడం... ఇవీ పనులు.

అంటే ఏమిటన్నమాట? బల్ల సర్దడం, అందించడం, రాలేనివాళ్ళకు తీసుకెళ్ళి ఇవ్వడం, చివరకు పాత్రలు శుభ్రం చేసి పెట్టడం. మనం రోజూ చేసే పనులే! ఈ మాట మా అక్కతో అంటే ఆవిడ, "అయితే నేను ముప్ఫై ఏళ్ళ నుంచీ ఎకొలైట్‌నే" అంది. నవ్వులాటకు అన్నా అందులో నిజం లేకపోలేదు. ఒక మనిషిని పెద్ద పీటమీద కూర్చోబెట్టేముందు, ముందుగా వడ్డించడం నేర్చుకోమంటున్నారు. ఇది మన ఇళ్ళల్లో మగపిల్లలందరికీ పెడితే ఎంత బాగుండునో!

ఈ మెట్టు ఎక్కాక కనీసం ఆరు నెలలైనా ఆ పని చేయాలి. అప్పుడుగాని తరువాతి మెట్టు మాట ఎత్తరు. ఇంకో సంగతి. లెక్టర్ అయినా, ఎకొలైట్ అయినా, అప్పటిదాకా వాడు మీలాగా నాలాగా మామూలు విశ్వాసే. తెల్ల అంగీ వేసుకున్నా సరే, చట్టప్రకారం ఇంకా గురువర్గంలో చేరినట్టు కాదు. ఏ రోజైనా పెట్టె సర్దుకుని ఇంటికి రావచ్చు. అడ్డు లేదు, తప్పు లేదు, ఎవరి అనుమతీ రోము నుంచి రానక్కర్లేదు.

తలుపు మూసుకునే మెట్టు

అసలు మెట్టు తరువాత ఉంది. అదే డీకన్ పట్టం. చాలామంది అనుకునేదేమిటంటే, ఫాదర్ అయ్యే రోజున పెళ్ళి చేసుకోనని మాట ఇస్తారని. కాదండీ. ఆ మాట ఇచ్చేది డీకన్ అయ్యే రోజునే. జీవితాంతం బ్రహ్మచర్యం, బిషప్‌గారికి విధేయత, సంఘం కోసం రోజూ పూటపూటా చేసే ప్రార్థన, ఈ మూడూ ఆ రోజే ఒప్పుకుంటారు. ఆ రోజుతో వాడు గురువర్గంలో చేరిపోతాడు. ఆ తరువాత తిరిగి రావాలంటే పోపుగారి దగ్గర నుంచి అనుమతి రావాలి. మనవాళ్ళు మాత్రం డీకన్ పూజకు ఏదో వచ్చామా వెళ్ళామా అన్నట్టుండి, సందడంతా గురుపట్టం రోజుకు దాచుకుంటారు. తల్లి నిజంగా కొడుకును ఇచ్చేసే రోజు ముందే అయిపోయి ఉంటుంది.

డీకన్లు ఎలా మొదలయ్యారో అపోస్తలుల కార్యాల్లో ఆరో అధ్యాయంలో ఉంది. ఏమిటో తెలుసా? అన్నం దగ్గర వచ్చిన గొడవ! రోజూ భోజనం పంచేటప్పుడు మా విధవరాళ్ళకు సరిగ్గా అందడం లేదని కొందరు ఫిర్యాదు చేశారు. అప్పుడు అపోస్తలుల మాట మీద విశ్వాసులు ఏడుగురు మంచివాళ్ళను ఎంచితే, ఆ పని చూడమని అపోస్తలులు వాళ్ళమీద చేతులుంచి ప్రార్థించారు. అందులో స్తెఫాను ఒకరు. ఆ ఏడుగురినే డీకన్లకు మొదలుగా సంఘం చెప్పుకుంటుంది. ఆకలితో ఉన్న ఆడవాళ్ళ కంచంలో అన్నం పడిందా లేదా అని చూడడానికి మొదలైన మెట్టు అది. 258లో రోములో ప్రాణం ఇచ్చిన లారెన్సుగారు కూడా డీకనే. సంఘం ఆస్తులన్నీ తెచ్చి అప్పగించమని అధికారి అడిగితే, పేదవాళ్ళను వెంటబెట్టుకొచ్చి వీళ్ళే మా ఆస్తి అని చూపించారని చెప్పుకుంటారు.

డీకన్ జ్ఞానస్నానం ఇవ్వవచ్చు, పెళ్ళి జరిపించవచ్చు, సువిశేషం చదివి ప్రసంగం చెప్పవచ్చు, సమాధి కార్యక్రమం చేయవచ్చు. పూజ చేయడం, పాపసంకీర్తనం వినడం, రోగులకు అభ్యంగనం ఇవ్వడం మాత్రం గురువుకే.

మామిడికాయ ముక్కలు తుడుస్తూ

ఇక మా ఇంటి సంగతికి వస్తాను. ఇది రాయడానికి అక్కా, మా వాడూ ఇద్దరూ ఒప్పుకున్నారు.

మా వీధిలో ఇంతకుముందు ఒకబ్బాయి సెమినరీ నుంచి మధ్యలో తిరిగొచ్చేశాడు. ఏ తప్పూ చేయలేదు. ఇది తన దారి కాదనిపించింది, పెద్దలతో చెప్పి వచ్చేశాడు. అంతే! ఊరు ఊరంతా ఒకటే గుసగుసలు. 'ఏం చేశాడో, ఏ అమ్మాయో, పంపించేశారేమో' అని. వాళ్ళమ్మ ఆరు నెలలు గుడికి రావడం మానేసింది. వస్తే వెనక బల్లమీద కూర్చుని, పూజ అవకముందే వెళ్ళిపోయేది. ఇదంతా మా వాడు సెలవుల్లో చూస్తూనే ఉన్నాడు.

మా అక్కకేమో కొడుకు గురుపట్టమే లోకం. ఐదేళ్ళ ముందు నుంచీ దానికోసమే చీటీ వేసింది. ఎంతమందికి భోజనాలు, ఏ వంటవాళ్ళు, పిలవాల్సిన చుట్టాలెవరు అన్నీ నోట్లో ఉండేవి. వాడు మూడో ఏడు వేదాంతం ముగించి వేసవికి వచ్చాడు. రెండు నెలల్లో డీకన్ పట్టానికి పేరు ఇవ్వాలి. ఆ రోజు మేం ఆవకాయకు కాయలు కొట్టించి తెచ్చాం. నేనూ వాడూ చాప మీద కూర్చుని ముక్కలు తుడుస్తున్నాం. అక్క లోపల ఆవపిండి జల్లిస్తోంది. వాడు తలెత్తకుండానే, "పిన్నీ, నేను వద్దంటే అమ్మ తట్టుకోగలదా?" అన్నాడు.

నా చేతిలో ముక్క అలాగే ఉండిపోయింది. "నీకు వద్దనిపిస్తోందా?" అన్నాను.

"అదే తెలియడం లేదు పిన్నీ. కావాలనే ఉంది. కానీ అది నా కోరికో, అమ్మ చీటీ గుర్తొచ్చి అనిపిస్తోందో తెలియడం లేదు. వద్దనే వీలుంటే గదా, కావాలంటున్నానో లేదో నాకు తెలిసేది!"

"ఆ మాట నాతో కాదురా, మీ అమ్మతో చెప్పు. నేను పక్కనే ఉంటాను" అన్నాను.

ఆ రాత్రి భోజనాలయ్యాక చెప్పాడు. అక్క ఏం మాట్లాడలేదు. లేచి వెళ్ళి కంచాలు తోముకుంది. రాత్రంతా నిద్రపోలేదని బావగారు తరువాత చెప్పారు. పొద్దున్నే వాడికి టిఫిను పెడుతూ అంది. "ఒరే నాన్నా, చీటీ డబ్బులు ఎక్కడికీ పోవు. చెల్లి పెళ్ళి ఉంది. నువ్వు తెల్ల అంగీతో వచ్చినా, లుంగీతో వచ్చినా ఈ ఇంట్లో నీ కంచం నీదే. ఊళ్ళోవాళ్ళ నోళ్ళ సంగతి నేను చూసుకుంటాను. నువ్వు మాత్రం నాకోసం పోవద్దు, నాకోసం ఉండొద్దు."

వాడు ఏడ్చాడు. అక్క ఏడవలేదు. ఏడవకుండా ఉండడానికి ఆవిడ ఎంత కష్టపడిందో ఆవిడ మొహం చూసిన నాకు తెలుసు.

తరువాత వాడు రెక్టరుగారికి ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆయన కోప్పడలేదు. ఒక ఏడాది పేరు ఇవ్వకుండా ఆగమని, ఒక పల్లె విచారణలో ఉండమని పంపారు. మా ఎదురింటి వదినగారు అడిగిన ఎక్కువ ఏడాది అదే! ఆ ఏడాదంతా పిల్లలకు చదువు చెప్పాడు, మంచాన పడ్డవాళ్ళ ఇళ్ళకు తిరిగాడు. ఏడాది అయ్యాక తనే వచ్చి, "అమ్మా, ఇప్పుడు తెలిసింది. వెళతాను" అన్నాడు.

డీకన్ పట్టానికి ముందు కూడా సొంత చేతిరాతతో ఒక కాగితం రాయాలి. 'ఎవరి బలవంతం లేకుండా, నా ఇష్టంతో, జీవితాంతం ఈ సేవకు నన్ను నేను ఇచ్చుకుంటున్నాను' అనే అర్థంతో. సంఘ చట్టంలో ఇంకా గట్టి మాట ఉంది. ఎవరినీ, ఏ కారణంతోనూ, ఏ రకంగానూ పట్టం తీసుకోమని బలవంతం చేయకూడదు. అలాగే అర్హత ఉన్నవాణ్ణి వద్దని ఆపకూడదు. అక్కకు ఆ చట్టం సంగతి అప్పటికి తెలియదు. తెలియకుండానే దాని ప్రకారం నడిచింది.

ఆ తరువాత నాలుగో ఏడు పూర్తి చేసి వాడు డీకన్ అయ్యాడు.

చివరి మెట్టు

డీకన్ అయ్యాక గురుపట్టానికి మధ్య కనీసం ఆరు నెలలు ఉండాలి. మా వాడు ఇప్పుడు ఆ మధ్యకాలంలో ఉన్నాడు. పెళ్ళికి గుళ్ళో ప్రకటన చదివినట్టే, 'ఫలానా కుర్రాడు పట్టం తీసుకోబోతున్నాడు, ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పండి' అని చాలాచోట్ల సొంత విచారణలో చదువుతారు. పట్టానికి ముందు కనీసం ఐదు రోజులు మౌనంగా ప్రార్థనలో గడపాలి.

ఎప్పుడైనా గురుపట్టాభిషేకానికి పిలుపు వస్తే తప్పకుండా వెళ్ళి చూడండి. ముందుగా కుర్రాడి పేరు పిలుస్తారు. వాడు 'ఉన్నాను' అని ముందుకు వస్తాడు. ఇతను అర్హుడని మీకు తెలుసా అని బిషప్‌గారు అడుగుతారు. అందరూ ఒప్పుకుంటారు. కుర్రాడు మోకాళ్ళ మీద కూర్చుని తన రెండు చేతులూ బిషప్‌గారి చేతుల్లో పెట్టి విధేయత మాట ఇస్తాడు. తరువాత నేలమీద బోర్లా పడుకుంటాడు. గుడంతా పునీతుల పేర్లు పిలుస్తూ వాడికోసం ప్రార్థిస్తుంది. అప్పుడు బిషప్‌గారు, ఆయన వెనక వచ్చిన ఫాదర్లందరూ ఒకరి తరువాత ఒకరు మౌనంగా వాడి తలమీద చేతులుంచుతారు. అంతమంది జనంలో ఆ నిశ్శబ్దం వినాలి! నేను రెండుమూడు పట్టాభిషేకాలు చూశాను. ఏడుస్తున్న చంటిపిల్లలు కూడా ఆగిపోయినట్టనిపిస్తుంది.

తరువాత గురువు వస్త్రాలు తొడుగుతారు. డీకన్‌గా ఎడమ భుజం మీద ఏటవాలుగా వేసుకున్న స్తోలను ఇప్పుడు మెడచుట్టూ ముందుకు వేస్తారు. అరచేతులకు పవిత్ర తైలం రాస్తారు. అప్పం, ద్రాక్షరసం ఉన్న పాత్రలు చేతికిస్తారు. ఆ తైలం తుడిచిన గుడ్డను తల్లికి ఇవ్వడం, ఆవిడ పోయినప్పుడు దాన్ని ఆవిడ చేతుల్లో పెట్టి సమాధి చేయడం కొన్నిచోట్ల ఉన్న పాత ఆచారం. మా అక్క ఈ మాట విని తెల్లటి నూలుగుడ్డ ఒకటి తెచ్చి, చుట్టూ అంచు కుట్టి బీరువాలో పెట్టింది. చిన్న పూవు కూడా కుట్టలేదు. "తుడుచుకునే గుడ్డకు పువ్వులెందుకు, నూనె పీల్చుకుంటే చాలు" అంది.

మనకూ ఒక తలుపు తెరిచారు

ఆడవాళ్ళకు సంబంధించిన ముఖ్యమైన కబురు ఒకటుంది. 1972లో లెక్టర్, ఎకొలైట్ పరిచర్యలను మామూలు విశ్వాసులకు కూడా ఇవ్వవచ్చన్నారు గానీ, మగవాళ్ళకు మాత్రమే అన్నారు. గుళ్ళల్లో మన ఆడవాళ్ళు ఎన్నో ఏళ్ళుగా పఠనాలు చదువుతూనే ఉన్నారు, కానీ అధికారికంగా ఆ పరిచర్య వాళ్ళకు ఇచ్చేవారు కాదు. 2021 జనవరిలో ఫ్రాన్సిస్ పోపుగారు ఆ చట్టం మార్చి, ఈ రెండూ స్త్రీలకు కూడా ఇవ్వవచ్చన్నారు. అదే ఏడాది మేలో ఉపదేశి పరిచర్యను కొత్తగా పెట్టి, అదీ స్త్రీ పురుషులిద్దరికీ అన్నారు. 2022 జనవరి 23న రోములో పోపుగారే స్వయంగా కొందరు స్త్రీలకూ పురుషులకూ లెక్టర్, ఉపదేశి పరిచర్యలు ఇచ్చారు.

డీకన్ పట్టం, గురుపట్టం మాత్రం మగవాళ్ళకే. ఈ రెండు పరిచర్యలూ ఇప్పుడు ఫాదర్ కాబోయేవాడి మెట్లు మాత్రమే కావు, వాటిమీదే ఉండి సేవ చేసేవాళ్ళవి కూడా. ఈ కబురు చెబితే మా అమ్మ, "అయితే మెల్లగా చదివే ఆడపిల్లను ఒకత్తెను చూసి పెట్టండి" అంది.

తల్లులకు నాలుగు మాటలు

మీ ఇంట్లోగానీ, మీకు తెలిసిన ఇంట్లోగానీ ఒక కుర్రాడు ఈ దారిలో ఉంటే ఇవి గుర్తుంచుకోండి.

పట్టం కాకముందే వాణ్ణి 'ఫాదర్‌గారూ' అని పిలవకండి. ముద్దుకు పిలిచినా వాడి మెడకు అది తాడవుతుంది. పేరుతోనే పిలవండి.

సెలవులకు వచ్చినప్పుడు ఇంటిపని చెప్పండి. నీళ్ళు పట్టమనండి, కంచం తీయమనండి. రేపు వడ్డించవలసినవాడు ఇవాళ పీటమీద కూర్చోవడం అలవాటు చేసుకోకూడదు.

గురుపట్టం భోజనాలకు అప్పులు చేయకండి. ఊరి గొప్పకోసం పెట్టే ఖర్చు చూసి, వెనక్కి రావాలనుకున్నవాడు కూడా రాలేకపోతాడు.

ఏడాదికోసారి అయినా, 'నీకు ఇష్టమేనా నాన్నా?' అని అడగండి. అడిగి, జవాబు వినే ఓపిక ఉంచుకోండి. ఈ మాట ఫాదర్ కాబోయేవాడికే కాదు, మనం పట్టుబట్టి ఇంజనీరింగులో చేర్చిన పిల్లాడికీ, సంబంధం కుదిర్చిన ఆడపిల్లకూ వర్తిస్తుంది. ఏమంటారు?

ఇక మా వీధిలో తిరిగొచ్చిన అబ్బాయి సంగతి. అతనిప్పుడు స్కూల్లో లెక్కల మాస్టారు. పెళ్ళయింది, ఇద్దరు పిల్లలు. ఆదివారం మొదటి పఠనం ఇప్పటికీ అతనే చదువుతాడు, చివరి మాట వెనక బల్ల దాకా వినిపించేలా. సెమినరీలో గడిపిన ఆ ఏళ్ళు ఎక్కడా వృథా పోలేదు. పోయిందల్లా వాళ్ళమ్మ గుళ్ళోకి రాలేకపోయిన ఆ ఆరు నెలలే. మీ ఊళ్ళో కూడా అలాంటి తల్లి ఉంటే, వచ్చే ఆదివారం ఆవిణ్ణి వెనక బల్లమీద ఒంటరిగా వదిలేయకండి. వెళ్ళి పక్కన కూర్చోండి.